సూపర్ క్లోన్ ఎక్కడ దొరికిపోతుంది? లగ్జరీ వాచీ అసలో కాపీయో తేల్చే పద్ధతి

మీరు అడిగినవి రెండు. రెప్లికాలు సేకరిస్తున్నారు, వాటిలో "సూపర్ క్లోన్" అని పిలిచేవి (లోపలి యంత్రంతో సహా అసలును అనుకరించే ఖరీదైన కాపీలు) అసలుకి నిజంగా ఎంత దగ్గరగా ఉంటాయో తెలుసుకోవాలనుకుంటున్నారు. ఈలోగా ఎవరో సెకండ్ హ్యాండ్ వాచీ చూపించి, ఇది అసలుదే అంటున్నారు. దాన్ని సొంతంగా ఎలా పరీక్షించుకోవాలన్నది రెండోది. రెండింటికీ పరీక్షలు ఒకటే కాబట్టి కలిపే చెబుతాను.

డయల్ చూసి తేల్చే రోజులు పోయాయి. అక్షరాలు పలచగా అచ్చయ్యాయి, రోలెక్స్‌లో తేదీ మీది అద్దం రెండున్నర రెట్లు పెద్దగా చూపించాల్సింది ఒకటిన్నరే చూపిస్తోంది, ఏదో ఒక అంకె వంకరగా ఉంది లాంటి గుర్తులు చౌక కాపీల్ని పట్టిస్తాయి, అంతవరకే. ఖరీదైన కాపీలో సఫైర్ అద్దం, సిరామిక్ బెజెల్ (అద్దం చుట్టూ ఉండే వలయం), అద్దం మీద ఆరు గంటల దగ్గర లేజరుతో చెక్కిన చిన్న రోలెక్స్ కిరీటం, డయల్ చుట్టూ లోపలి అంచు మీద చెక్కిన పేరు అన్నీ ఉంటాయి. తేడా మిగిలింది లోపలి యంత్రంలో (దీన్నే మూవ్‌మెంట్ అంటారు), ఇంకా భాగాల మధ్య పొంతనలో. అందుకే నేను ఎవరికైనా ముందు చెప్పే సూత్రం ఇది: నకిలీ అని తేల్చడానికి ఒక్క తప్పు చాలు, అసలు అని తేల్చడానికి మాత్రం అన్నీ కలవాలి. కింద చెప్పే ఏ పరీక్ష అయినా వాచీని పట్టివ్వగలదు. ఏదీ ఒంటరిగా వాచీకి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

సామాను పెద్దగా అక్కర్లేదు. పదింతలు పెద్దగా చూపించే లూప్, 0.01 మిల్లీమీటరు దాకా చూపించే డిజిటల్ కాలిపర్, సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉన్న ఫోను, చిన్న యూవీ టార్చి, 0.01 గ్రాము త్రాసు ఉంటే చాలు. వాచీలు తరచూ కొనేవారైతే టైమ్‌గ్రాఫర్ కూడా కొనుక్కోండి. టిక్కుల శబ్దాన్ని మైకుతో విని, వేగం, ఆంప్లిట్యూడ్ (వేగాన్ని నియంత్రిస్తూ అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోంది), బీట్ ఎర్రర్ (అటు ఊపుకీ ఇటు ఊపుకీ మధ్య సమయం తేడా) చూపించే చిన్న యంత్రం అది.

మొదటి పరీక్ష బీట్ల లెక్క. మూత తీయక్కర్లేదు, అయినా ఎక్కువ కాపీలు ఇక్కడే దొరుకుతాయి. ప్రతి మూవ్‌మెంటూ గంటకు ఇన్ని బీట్లని తయారయి ఉంటుంది. గంటకు 28,800 అంటే సెకన్ల ముల్లు సెకనుకు ఎనిమిది అడుగులు వేస్తుంది, 25,200 అయితే ఏడు, 21,600 అయితే ఆరు, 18,000 అయితే అయిదు. ఫోన్లో 240 ఫ్రేముల వీడియో తీసి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. ఎనిమిది అడుగుల వాచీలో ముల్లు 30 ఫ్రేములకోసారి కదులుతుంది, ఏడు అడుగులదైతే సుమారు 34, ఆరైతే 40, అయిదైతే 48. ఒక్క అడుగు కొలిచి ఊరుకోకండి. అయిదు సెకన్లలో మొత్తం అడుగులు లెక్కపెట్టి అయిదుతో భాగిస్తే పొరపాటు ఉండదు.

ఇప్పుడు మోడల్ ఏం చెప్పాలో చూడండి. ఒమేగా సీమాస్టర్ 300 మీటర్ల డైవర్‌లో 2018 నుంచి వస్తున్న 8800 మూవ్‌మెంట్ 25,200 మీద నడుస్తుంది. కాపీలో ఈటీఏ (ఇతర బ్రాండ్లకూ మూవ్‌మెంట్లు చేసిన స్విస్ కంపెనీ) తరహా చైనా మూవ్‌మెంట్ ఉంటే 28,800 వస్తుంది. స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్‌లో 1861 అయినా 3861 అయినా 21,600. ఒడెమార్ పిగే రాయల్ ఓక్ 15400లో 3120 మూవ్‌మెంట్, 21,600. దాని తర్వాత వచ్చిన 15500లో 4302, అది 28,800. బయటికి ఈ రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టి కాపీ చేసేవాళ్లు కేసు ఒకదానిది, మూవ్‌మెంట్ ఇంకోదానిది పెట్టడం మామూలే. పలచటి జంబో 15202 సంగతి మరీ స్పష్టం. అందులోని 2121 మూవ్‌మెంట్ గంటకు 19,800 బీట్లు, అంటే సెకనుకు అయిదున్నర. ఈ వేగం అరుదు. ఆ వాచీకి సెకన్ల ముల్లు లేదు కనుక వీడియో పనికిరాదు, టైమ్‌గ్రాఫర్ మీద పెట్టాలి. 28,800 అని చూపిస్తే అక్కడితో పరీక్ష ముగిసింది. దాని స్థానంలో 2022లో వచ్చిన 16202లో 7121 ఉంటుంది, దానికి 28,800 సరైనదే. అందుకే రిఫరెన్స్ నంబరు (కంపెనీ మోడల్‌కి ఇచ్చే నంబరు) కచ్చితంగా తెలుసుకోకుండా బీట్లు లెక్కపెట్టి లాభం లేదు.

టైమ్‌గ్రాఫర్ వాడేటప్పుడు చాలామంది పొరబడేది లిఫ్ట్ యాంగిల్ (ఆంప్లిట్యూడ్ లెక్క కోసం మూవ్‌మెంట్‌ని బట్టి పెట్టాల్సిన కోణం) దగ్గర. యంత్రంలో ముందే 52 డిగ్రీలు పెట్టి ఉంటుంది. రోలెక్స్ 3135కి అది సరిపోతుంది. ఒమేగా కో-యాక్సియల్ 8500 తరహాకు 38 పెట్టాలి. 52 దగ్గరే వదిలేస్తే ఆంప్లిట్యూడ్ మూడో వంతుకు పైగా ఎక్కువ చూపించి, మంచి వాచీ మీదే అనుమానం పుట్టిస్తుంది. నిండా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టి, అరనిమిషం ఆగి చదవండి. ఆరోగ్యంగా ఉన్న మామూలు మూవ్‌మెంట్‌లో ఆంప్లిట్యూడ్ 270 నుంచి 310 డిగ్రీల మధ్య, బీట్ ఎర్రర్ 0.6 మిల్లీసెకన్ల లోపు ఉంటుంది.

రోజుకు ఎన్ని సెకన్లు తేడా అన్నది మాత్రం అసలు, నకిలీ తేల్చదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే "రోజుకు రెండు సెకన్లే తేడా, కాబట్టి అసలుదే" అనే వాదన చాలాచోట్ల వినిపిస్తుంది. స్విస్ క్రోనోమీటర్ సంస్థ కాస్క్ పరిమితి రోజుకు మైనస్ 4 నుంచి ప్లస్ 6, రోలెక్స్ 2015 నుంచి తనకు తాను పెట్టుకున్నది ప్లస్ మైనస్ 2. జాగ్రత్తగా సరిచేసిన కాపీ కొన్నాళ్లు ఈ హద్దుల్లో నడుస్తుంది. పదేళ్లుగా సర్వీసు చేయించని అసలు వాచీ రోజుకు పదిహేను సెకన్లు వెనకబడొచ్చు. కాపీల్లో నాకు కనిపించే అసలు లోపం స్థిరత్వం. డయల్ పైకి, డయల్ కిందికి, క్రౌన్ (పక్కనుండే, సమయం సరిచేసే మర) పైకి, క్రౌన్ కిందికి, ఇలా నాలుగు భంగిమల్లో కొలవండి, మళ్లీ ఇరవైనాలుగు గంటల తర్వాత కొలవండి. భంగిమ మారితే ఇరవై సెకన్ల తేడా వస్తోందంటే కనీసం సర్వీసు అయినా కావాలి.

రెండో పరీక్ష క్రౌన్. చెయ్యి పెట్టి తిప్పితే చాలు, మూవ్‌మెంట్ ఎవరిదో చాలావరకు బయటపడుతుంది. రోలెక్స్ జీఎంటీ మాస్టర్ టూ, ఎక్స్‌ప్లోరర్ టూ (16570, ఆ తర్వాతవి) తీసుకోండి. క్రౌన్ మొదటి స్థానానికి లాగి తిప్పితే గంటల ముల్లు ఒక్కో గంట చొప్పున గెంతాలి, సెకన్ల ముల్లు ఆగకూడదు, తేదీ ఆ గంటల ముల్లుతోనే ముందుకూ వెనక్కీ మారాలి. కాపీల్లో ఎక్కువగా ఉండే ఈటీఏ 2893 తరహాలో ఆ స్థానంలో కదిలేది 24 గంటల ముల్లు. ఒమేగా ప్లానెట్ ఓషన్ 43.5 మి.మీ. మోడల్‌లో 8900 ఉంటుంది, అందులోనూ మొదటి స్థానంలో గంటల ముల్లే గెంతుతుంది. ఆ స్థానంలో తేదీ గబగబా మారితే లోపల 8900 లేదు. అదే పేరుతో ఉన్న 39.5 మి.మీ. వాచీలో 8800 ఉంటుంది, దానికి తేదీ మారడమే సరైనది.

తేదీ లేని రోలెక్స్ సబ్‌మెరైనర్‌లో క్రౌన్ విప్పాక, సమయం సరిచేసే స్థానానికి ముందు ఏ పనీ చేయని ఒక క్లిక్ తగిలితే, తేదీ ఉన్న మూవ్‌మెంట్‌కి డయల్ కప్పేశారని అర్థం. ఇది రోలెక్స్‌కి చెల్లుతుంది. ఈటీఏ దగ్గర మూవ్‌మెంట్లు కొని వాడిన కొన్ని బ్రాండ్ల అసలు వాచీల్లోనూ ఇలాంటి ఖాళీ క్లిక్ ఉంటుంది, అక్కడ తొందరపడకండి.

క్రోనోగ్రాఫ్‌లు (స్టాప్‌వాచ్ ఉన్న వాచీలు) మరీ సులువు. స్టీలు రోలెక్స్ డేటోనా 116520లో (2000 నుంచి 2016) ఆరు దగ్గర నడిచే సెకన్లు, మూడు దగ్గర 30 నిమిషాలు, తొమ్మిది దగ్గర 12 గంటలు. అంతకుముందు జెనిత్ మూలంతో వచ్చిన 16520లో నడిచే సెకన్లు తొమ్మిది దగ్గర. క్రోనో మొదలుపెట్టి 31 నిమిషాలు వదిలేయండి. మూడు దగ్గరి ముల్లు ఒక చుట్టు పూర్తి చేయాలి, తొమ్మిది దగ్గరిది అరగంట మేర కదలాలి. చౌక కాపీల్లో ఈ చిన్న డయళ్లు వారం, నెల చూపిస్తుంటాయి, లేదా కదలనే కదలవు. 7750 తరహా మూవ్‌మెంట్ వేసిన కాపీని చేతికి పెట్టుకుని మణికట్టు విదిలిస్తే రోటరు (చెయ్యి కదిలినప్పుడు తిరిగి కీ ఇచ్చే బరువు) ఒకవైపు అడ్డు లేకుండా గిర్రున తిరిగి వాచీ ఊగినట్టు తెలుస్తుంది. నిండా కీ ఇచ్చి పక్కన పెట్టి ఎన్ని గంటలు నడుస్తుందో కూడా చూడండి. డేటోనా 116520 లోపలి 4130 మూవ్‌మెంట్‌కి 72 గంటలు, 3235 ఉన్న రోలెక్స్ వాచీలకు 70 గంటలు ఉండాలి. రెండు రోజులు తిరక్కుండానే ఆగిపోతే మూత తీయాల్సిందే.

మందం కొలవడం పలచటి వాచీల దగ్గర బాగా పనిచేస్తుంది. పటెక్ నాటిలస్ 5711 మందం 8.3 మి.మీ., లోపలి 324 మూవ్‌మెంట్ 3.3 మి.మీ. జంబో 15202 మందం 8.1, లోపలి 2121 కేవలం 3.05. ఈ రెండింటి కాపీల్లో ఏళ్ల తరబడి వాడింది జపాన్ మూవ్‌మెంట్ మియోటా 9015, దాని మందం 3.9. ఆ 0.6, 0.85 మిల్లీమీటర్లు ఎక్కడో కనబడాలి. కేసు లావవుతుంది, లేకపోతే వెనక గాజు ఉబ్బుతుంది, లేకపోతే డయల్‌కీ అద్దానికీ మధ్య లోతు తగ్గుతుంది. అందంగా కనిపించడానికి మియోటా పైన అలంకారపు రేకులు అంటిస్తారు. లూప్‌తో చూస్తే ఆ రేకు అంచు కింద అసలు బ్రిడ్జి (భాగాల్ని పట్టి ఉంచే లోహపు పలక) కనిపిస్తుంది, స్క్రూ తలలు దేన్నీ బిగించకుండా ఊరికే కూర్చుని ఉంటాయి.

ఇక మూత తీయడం. స్టీలు సబ్‌మెరైనర్‌కి వెనక గాజు మూత ఉంటే తీయక్కర్లేదు, కంపెనీ అలా ఎప్పుడూ చేయలేదు. మిగతా వాటికి సరైన అచ్చు ఉన్న సాధనంతో వాచీ రిపేరరు చేత తీయించండి. పక్కన కూర్చుని లూప్‌తో మీరే చూడండి. 3135 మూవ్‌మెంట్ ఉందని చెప్పే రోలెక్స్ వాచీ (16610, 116610 వగైరా) అనుకుందాం. ముందు రోటరు మధ్యలో చూడండి. 3135లో రోటరు ఒక ఇరుసు మీద తిరుగుతుంది, బాల్ బేరింగ్ ఉండదు. మధ్యలో వరసగా గుళ్లు కనిపిస్తే అది 3135 కాదు. 3235లోనూ 4130లోనూ బాల్ బేరింగే ఉంటుంది కాబట్టి వాటికి ఈ గుర్తు తిరగబడుతుంది. తర్వాత బాలెన్స్ వీల్. 3135లో దాని పైన రెండు చివరలా స్క్రూలతో బిగించిన నిండు బ్రిడ్జి ఉంటుంది. ఈటీఏ తరహాలో ఒకవైపే ఆధారం ఉన్న చేయి, దాని పక్కన ప్లస్, మైనస్ వైపు జరిపే రెగ్యులేటర్ ఉంటాయి. 3135లో రెగ్యులేటర్ లేదు, వేగాన్ని బాలెన్స్ చక్రం లోపలి అంచున ఉన్న మైక్రోస్టెల్లా నట్లు తిప్పి సరిచేస్తారు. హెయిర్‌స్ప్రింగ్ (బాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి చుట్టల స్ప్రింగు) చివరి చుట్టు పైకి లేచి మధ్యకు వంగి ఉండాలి.

ఇవన్నీ ఉన్న క్లోన్లు కూడా వచ్చాయి. అమరిక కాపీ కొట్టారు, పనితనం కొట్టలేకపోయారు. స్క్రూ గాడి అంచులు చూడండి. అసలుదాంట్లో గాడికి రెండు వైపులా సన్నటి వాలు చెక్కి, తల అద్దంలా మెరుస్తుంది. క్లోన్‌లో గాడి కోసి వదిలేసినట్టు పదునుగా, అడుగున గీతలతో ఉంటుంది. బ్రిడ్జి మీది అక్షరాల లోతు అంతటా ఒకేలా ఉందో లేదో చూడండి. చక్రాల పళ్ల మధ్య లోహపు పొడి, ఇరుసులు తిరిగే చిన్న రాళ్ల చుట్టూ కారిన నూనె కనిపిస్తే అసెంబ్లీ ఎంత తొందరలో జరిగిందో తెలిసిపోతుంది. క్లోన్లు మూడు నాలుగేళ్లకే మొరాయించడానికి పెద్ద కారణం ఇదే. కొన్నిచోట్ల నూనె అసలు ఉండదు, కొన్నిచోట్ల పొంగి హెయిర్‌స్ప్రింగ్‌కి అంటుతుంది. చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరిగెత్తుతుంది.

రాయల్ ఓక్ బెజెల్ మీది ఎనిమిది ఆరుకోణాల తలలు స్క్రూల్లా కనబడినా స్క్రూలు కావు. అవి ఆరుకోణాల గుంటల్లో కూర్చున్న బోల్టులు, తిరగవు. బిగింపు వెనక నుంచి జరుగుతుంది. అందుకే వాటి గాడులు ఎప్పుడూ బెజెల్ గుండ్రాన్ని అనుసరించే ఉంటాయి. ఒక్క గాడి అడ్డంగా తిరిగినా, లేదా స్క్రూడ్రైవర్ గీతలు కనిపించినా అనుమానించండి.

లోహం దగ్గరికొస్తే, రోలెక్స్ 1985 నుంచి 904ఎల్ స్టీలుకు మారడం మొదలుపెట్టింది. ఎక్స్‌రే లోహ పరీక్ష యంత్రం ఉన్నచోట ఒక్క నిమిషం పని. 904ఎల్‌లో నికెల్ 23 నుంచి 28 శాతం, మామూలు 316ఎల్‌లో 10 నుంచి 14. కొత్త రోలెక్స్‌లో 12 శాతం నికెల్ వస్తే నకిలీ. 25 వచ్చినా అసలని కాదు, ఎందుకంటే కాపీ చేసేవాళ్లకూ 904ఎల్ దొరుకుతుంది. బంగారు చైను అయితే సాంద్రత కొలవండి. చైను విప్పి తూచండి. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, చైనును దారంతో నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీయండి. త్రాసు చూపించే అంకెతో మొదటి బరువును భాగించాలి. 60 గ్రాముల చైనుకు 3.9 చూపిస్తే సాంద్రత 15.4, అది 18 క్యారెట్ల పసుపు బంగారానికి సరిపోతుంది. 7.5 చూపిస్తే సాంద్రత 8 మాత్రమే, లోపల స్టీలో ఇత్తడో ఉండి పైన పూత వేశారు. లింకుల మధ్య గాలి బుడగలు లేకుండా నీళ్లలో ఒక చుక్క సబ్బు కలపండి.

అన్నిటికంటే కష్టమైనది పూర్తి కాపీ కాదు, అసలు భాగాలూ కాపీ భాగాలూ కలిపి కట్టిన వాచీ. అక్కడ మూవ్‌మెంట్ పరీక్ష నెగ్గుతుంది, డయల్ ఓడిపోతుంది, లేదా దానికి వ్యతిరేకంగా జరుగుతుంది. పట్టుకునే దారి కాలక్రమం. 16610 సబ్‌మెరైనర్‌నే తీసుకుంటే, డయల్ అడుగున "స్విస్ టీ 25 కన్నా తక్కువ" అన్న గుర్తు ట్రిటియం (చీకట్లో వెలిగేందుకు వాడిన రేడియోధార్మిక పదార్థం) వాడిన రోజులది, సుమారు 1998 వరకు. ఆ తర్వాత కొద్దికాలం "స్విస్" ఒక్కటే, ఆపైన "స్విస్ మేడ్". చైను పిన్నుకు కేసు చెవుల్లో (చైను తగిలించే కొమ్ముల్లో) ఆరపార రంధ్రాలు సుమారు 2003 దాకా. లోపలి అంచు మీద పేరు చెక్కడం 2000ల మధ్య నుంచి. ట్రిటియం డయల్, చెక్కిన అంచు ఒకే వాచీలో ఉంటే ఎవరో కలిపి కట్టారు. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు, కాబట్టి దాని సొంత వెలుగు ఈపాటికి చాలావరకు పోయి ఉంటుంది. 1990ల డయల్ మీద యూవీ టార్చి వేస్తే వెలిగి, టార్చి తీయగానే దాదాపు వెంటనే ఆరిపోవాలి. చీకట్లో నిమిషాల తరబడి పచ్చగా వెలుగుతుంటే కొత్త రంగు పూశారు, లేదా డయల్ కొత్తది. ముళ్ల వెలుగు, గుర్తుల వెలుగు ఒకే రంగులో, ఒకే వేగంతో తగ్గుతున్నాయో లేదో కూడా పోల్చండి.

వారంటీ కార్డు, పెట్టె, బిల్లు ఉన్నాయని ధర ఎక్కువ చెబితే దానికి లొంగకండి. కాపీ చేయడానికి అన్నిటికంటే సులువైనవి అవే. సీరియల్ నంబరు కూడా అంతే, నిజమైన వాచీ నంబరే వందల కాపీల మీద ఉంటుంది.

మీ దగ్గరున్న రెప్లికాల గురించి రెండు మాటలు. సాధారణ రిపేరరు ఈటీఏ తరహా క్లోన్లను శుభ్రం చేసి నూనె వేయగలడు. 3135, 4130 క్లోన్లకు విడిభాగాలు దొరకడం కష్టం, అసలు భాగాలు అందులో కచ్చితంగా కూర్చుంటాయన్న నమ్మకం లేదు. డయల్ మీద 300 మీటర్లని రాసి ఉన్నా, ప్రెషర్ టెస్టర్‌లో పరీక్షించకుండా నీళ్లలోకి తీసుకెళ్లకండి. క్రౌన్ ట్యూబు దగ్గరి, మూత కిందటి గాస్కెట్లే (నీళ్లు రాకుండా వేసే రబ్బరు వలయాలు) ముందు లీకవుతాయి. కంపెనీ సర్వీసు సెంటర్లు కాపీని ముట్టుకోవు. బ్రాండు గుర్తు వాడుకున్న వస్తువు కాబట్టి చాలా దేశాల్లో కస్టమ్స్ జప్తు చేస్తుంది, అసలని చెప్పి అమ్మితే అది మోసం నేరం. ఎప్పుడైనా ఇంకొకరికి ఇచ్చినా అది కాపీ అని స్పష్టంగా చెప్పే ఇవ్వండి. రూపం నచ్చి మాత్రమే పెట్టుకునేవారికి, సొంత పేరుతో, వారంటీతో అదే శైలిలో వచ్చే వాచీలు చాలా ఉన్నాయి. అదే డబ్బుకి మెరుగైన మూవ్‌మెంట్ దొరుకుతుంది.

ఇప్పుడు మీకు చూపిస్తున్న వాచీ సంగతి. ముందు ఈ ఫొటోలు అడగండి: డయల్ నేరుగా, పక్క నుంచి మందం, చెవుల మధ్య చైను విప్పాక నంబర్లు, మూత లోపలి వైపు, మూవ్‌మెంట్ మొత్తం, చైను కొక్కెం లోపలి కోడ్. వాటితో పాటు క్రౌన్‌ను ఒక్కో స్థానానికి లాగుతూ తీసిన వీడియో, 240 ఫ్రేముల సెకన్ల ముల్లు వీడియో. అవి రిఫరెన్స్‌తో కలిస్తేనే వెళ్లండి. మీరు ఎంచుకున్న రిపేరరు దగ్గర, ఇద్దరి ఎదుటా మూత తీసేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకండి. మూత తీస్తే సీలు పోతుందని అమ్మేవారు అంటే, కొత్త గాస్కెట్, ప్రెషర్ టెస్టు ఖర్చు మీరే పెట్టుకుంటానని చెప్పండి. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆ వాచీ వదిలేయండి.